ఆ నవ్వు ఎవరిది?

రసాల పాఠంలో హాస్యం రెండు రకాలని చదివాం. తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరుల్ని నవ్విస్తే పరస్థం. మరి వాళ్ళు మనం అనుకోని కారణానికి నవ్వితే? జాతి మీద వేసే జోకు స్టాండప్ కామెడీలో ఎక్కడ హద్దు దాటుతుందంటే, నాకు ఇదే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

డేవ్ షపెల్ అమెరికాలో పేరున్న నల్లజాతి కమెడియన్. 2003లో కామెడీ సెంట్రల్ చానల్లో తన పేరుతో షో మొదలుపెట్టాడు. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక గుడ్డివాడి వేషం వేశాడు. నల్లవాళ్ళంటే అతనికి అసహ్యం, తానూ నల్లవాడేనని మాత్రం తెలీదు! అక్కడ నవ్వు నల్లవాళ్ళ మీద కాదు, ద్వేషం మీద.

షోకి 5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. అయినా 2005లో షూటింగ్ మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్ళిపోయాడు. ఎందుకో మరుసటి ఏడు ఓప్రా విన్‌ఫ్రీకి చెప్పాడు. ఒకప్పుడు తెల్ల నటులు నల్లవాళ్ళని ఎగతాళి చెయ్యడానికి ముఖానికి నల్లరంగు పూసుకునేవాళ్ళు. ఆ వేషాన్నే వెక్కిరిద్దామని షపెల్ అదే వేసుకున్నాడు. సెట్‌లో ఒక తెల్లాయన నవ్వాడు. ఆ నవ్వు తనతో కలిసి నవ్వినట్టు లేదు, తనని చూసి నవ్వినట్టుందట.

క్రిస్ రాక్‌దీ ఇదే కథ. నల్లవాళ్ళలోనే రెండు రకాలున్నారంటూ 1996లో అతను చేసిన ఐటమ్‌కి చాలా పేరొచ్చింది. దాన్ని చూసి, నల్లవాళ్ళని తిట్టే ఆ మాట అనడానికి తమకీ లైసెన్సు దొరికిందని జాత్యహంకారులు అనుకుంటున్నారని తర్వాత దాన్ని మానేశాడు. (2006లో మైకేల్ రిచర్డ్స్ స్టేజీ మీంచి నల్లజాతి ప్రేక్షకుల్ని అదే మాటతో తిట్టాడు. దానికి చర్చ అక్కర్లేదు, అందులో జోకే లేదు.)

మనవాళ్ళ మీద మనమే వేసుకుంటే తప్పులేదు అంటారు. షపెల్, రాక్ వేసుకున్నది వాళ్ళ మీదే కదా. మరి ఎందుకు ఆపేశారు?

జాతి కాదు, భాష సంగతే అయినా ఒకటి చెప్తాను. మా అమ్మది తెలుగు, నాన్నది తమిళం. నాన్న 'గుల్టీ' అని ఏడిపిస్తే ముందు నవ్వేది అమ్మే. ఆ మాటతో అల్లిన జోకొకటి నేనే ఇక్కడ ఫ్రెండ్స్‌కి చెప్పి నవ్వించాను. తెలుగుదాన్నే కదా అనుకున్నాను. వారం తర్వాత క్యాంటీన్లో ఎవరో దాన్నే ఒక ఫస్టియర్ తెలుగమ్మాయి మీద వేశారు. నేను చెప్పినప్పటికన్నా గట్టిగా నవ్వారు. ఆ అమ్మాయి ప్లేటు తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.