వృద్ధాశ్రమంలో జ్వరం: థర్మామీటరు చెప్పేది, చెప్పనిది



కరోనా కాలంలో నుదుటికి గురిపెట్టే థర్మామీటరు గన్ ప్రతి గుమ్మం దగ్గరా కనిపించింది. వృద్ధాశ్రమానికి ఏదైనా పరికరం ఇవ్వాలనుకుంటే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే. కానీ ముసలివారికి అంటువ్యాధి సోకిందో లేదో అది సరిగా చెప్పగలదా? కొనేముందు తెలుసుకోవడం మంచిది.

98.6 అందరి లెక్క కాదు

మామూలు ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ అని మనమంతా బడిలో చదువుకున్నాం. ఈ అంకెకు ప్రచారం తెచ్చినవాడు జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్. 1868లో ఆయన తన గ్రంథం వెలువరించాడు. 1992లో అమెరికాలో ఆరోగ్యవంతులైన 40 ఏళ్లలోపు వారిని పరీక్షిస్తే సగటు 98.2 అని తేలింది. వయసు మీదపడిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. కండ కరిగిపోతుంది, రోగంతో పోరాడే శక్తి మందగిస్తుంది. అందుకే లోపల న్యుమోనియా ఉన్నా ఒళ్లు కాలకపోవచ్చు.

2020లో అమెరికాలోని కింగ్ కౌంటీలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 76 మందికి కరోనా పరీక్ష చేస్తే 48 మందికి పాజిటివ్ వచ్చింది. పరీక్ష నాటికి వారిలో 27 మందికి ఏ లక్షణమూ లేదు. అక్కడి మాజీ సైనికుల ఆశ్రమాల్లో కరోనా సోకిన వృద్ధులను గమనిస్తే, 100.4 డిగ్రీలకు చేరినవారు నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ ఒక్క గీతనే నమ్ముకుంటే మిగిలినవారంతా 'బాగున్నవారి' లెక్కలోకే పోతారు.

ఎవరి లెక్క వారిదే

అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2008లో వృద్ధాశ్రమాల కోసం ఇచ్చిన సూచన ఇది. నోటిలో ఒక్కసారి చూసినా 100 దాటితే, లేదా పలుమార్లు చూసినప్పుడు 99 దాటుతుంటే, లేదా ఆ మనిషి మామూలు వేడికన్నా 2 డిగ్రీలకు మించి పెరిగితే జ్వరంగా భావించాలి.

ఒక దాదీమా మామూలు వేడి 97 అనుకుందాం. ఈరోజు 99.2 వచ్చింది. గేటు దగ్గర గన్ 'ఫరవాలేదు' అంటుంది. ఆమె నోటుపుస్తకం ఉంటే మాత్రం 2.2 డిగ్రీలు పెరిగిందని వెంటనే తెలుస్తుంది. కాబట్టి బాగున్న రోజుల్లోనే వారం, పది రోజులు ఒకే వేళకు, ఒకే చోట చూసి ప్రతి ఒక్కరి మామూలు అంకె రాసి పెట్టాలి. చంకలో చూస్తే నోటిలో కన్నా దాదాపు ఒక డిగ్రీ తక్కువ వస్తుంది. అందుకే ఒకరోజు నోట్లో, ఒకరోజు చంకలో చూడకూడదు.

మన అనంతపురం ఎండలో

మన సీమలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. గన్ చూసేది చర్మం వేడిని మాత్రమే. ఎండలో నుంచి వచ్చినవారి నుదురు ఎక్కువ చూపుతుంది. అప్పుడే వుజూ చేసి ముఖం తడిగా ఉన్నవారిది తక్కువ చూపుతుంది. నీడలో అరగంట కూర్చోబెట్టి చూడాలి. వేడి టీ తాగితే నోటిలో పెట్టడానికి ఇరవై నిమిషాలు ఆగాలి. కీళ్లనొప్పులకు రోజూ పారాసిటమాల్ వేసుకునేవారికి జ్వరం కనబడకుండా అణగి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ కావచ్చు. ఆగి లెక్కలు చూసే సమయం కాదు. తడిగుడ్డతో, గాలితో ఒళ్లు చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయాలి.

అంకె కన్నా ముందు మనిషి

అన్నం ముట్టకపోవడం, ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టకపోవడం, నడుస్తూ పడిపోవడం, నిమిషానికి 25 సార్లకు పైగా ఊపిరి తీయడం, ఇవన్నీ జ్వరం లేకున్నా అంటువ్యాధికి గుర్తులు కావచ్చు. రోజూ అన్నం పెట్టే ఆయమ్మ 'ఈరోజు పెద్దాయన ఎట్లనో ఉన్నాడు' అంటే ఆ మాటను తేలిగ్గా తీసేయకూడదు. అయితే అంకె పెరిగిందని మనంతట మనమే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. అది డాక్టరు చూసి తేల్చవలసిన విషయం.

మనం చేయగలిగింది

ఒక గన్ ఖర్చుతో మామూలు డిజిటల్ థర్మామీటర్లు కొన్ని కొనవచ్చు. మనిషికొకటి ఉంటే ఒకరి రోగం ఇంకొకరికి అంటదు. వాటితోపాటు ఒక నోటుపుస్తకం, ఒక పల్స్ ఆక్సిమీటరు, అన్నిటికన్నా ముఖ్యంగా రోజూ చూసి రాసే మనిషికి జీతం కావాలి. ఫోటోలో కనిపించే వస్తువు కాకపోయినా ప్రాణం నిలిపేది ఆ జీతమే. మీరు చూడటానికి వెళ్లే రోజున దగ్గు, జలుబు ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. అది కూడా వారికి చేసే మేలే.

ముసలితనంలో తల్లిదండ్రులపై విసుగు కూడా చూపరాదని మన ధర్మం నేర్పింది. చూసేవారు లేని పెద్దలను ఓపికగా, ఒక్కొక్కరిగా గమనించడం ఆ బాధ్యతలో భాగమే. అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మీ దానానికి ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.