ఏడ్రియాటిక్ తీరమున దుబ్రోవ్నిక్: యాత్రకు ముందు చదువవలసిన పాఠము

దూరదేశయాత్ర చేయగోరువారు పెట్టె సర్దుకొనుటకు ముందు పటము విప్పవలయును. ఏమియు తెలియక వెళ్లినవానికి కోటయు మెట్లును మాత్రమే కనబడును. తెలిసికొని వెళ్లినవానికి ఆ కోటను ఎవరు కట్టిరో, ఎవరికి వెరచి కట్టిరో కూడ బోధపడును. అందుచే మేమీ పాఠమున విద్యార్థులను వెంటబెట్టుకొని దుబ్రోవ్నిక్ నగరమునకు ఒక యాత్రాప్రణాళిక వేయుచున్నాము. నేడు వెళ్లగలవారికి ఇది దారి చూపును. వెళ్లలేనివారికి భూగోళ చరిత్రపాఠమగును.

స్థలము, మార్గము

ఇటలీకి తూర్పున నున్న సన్నని సముద్రమునకు ఏడ్రియాటిక్ సముద్రమని పేరు. దాని తూర్పుతీరమున క్రొయేషియా దేశపు దక్షిణభాగమందు దుబ్రోవ్నిక్ కలదు. 2021 జనాభా లెక్కల ప్రకారము ఇచట సుమారు 41 వేలమంది నివసించుచుండిరి. దీని పూర్వనామము రగూసా. 1808 వరకు ఇది ఒక చిన్న గణరాజ్యము.

క్రొయేషియా 2023 జనవరి 1వ తేదీనుండి యూరో నాణెమును స్వీకరించి షెంగెన్ దేశములలో చేరినది. కావున భారతీయులు షెంగెన్ వీసా పొందవలయును. ప్రయాణమునకు ఆరు నెలలకు మించి ముందుగా గాని, పదునైదు దినములకు లోపున గాని దరఖాస్తు చేయరాదు. కనీసము 30,000 యూరోల వైద్యబీమా ఉండవలయును. నియమములు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు మరల విచారించుకొనుట మేలు.

ఈ నగరమునకు రైలుమార్గము లేదు. విమానాశ్రయము నగరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. స్ప్లిట్ నగరమునుండి బస్సులో రావచ్చును. వేసవిలో ఓడలును నడచును. పటమును శ్రద్ధగా చూచినచో ఈ దారిలో ఒక వింత కనబడును. క్రొయేషియా తీరము నడుమ నేయుమ్ అనుచోట బోస్నియా దేశము కొలదిమేర సముద్రమును తాకుచున్నది. వెనీసు రాజ్యము తమ సరిహద్దును తాకకుండుటకై రగూసావారు 1699 సంవత్సరపు కార్లోవిట్జు సంధి కాలమున ఆ భూమిని తురుష్కులకు విడిచిపెట్టిరి. ఆ ఏర్పాటు జాడ నేటికిని పటమున నిలిచియున్నది. ఆ తునకను దాటకయే పోవుటకు వీలుగా 2022లో పెల్యెషాట్స్ వంతెన తెరువబడినది.

జూలై, ఆగస్టు నెలలలో ఎండయు జనసమ్మర్దమును మెండు. మే, సెప్టెంబరు నెలలు యాత్రకు అనుకూలములు. మూడు దినములు చాలును.

మొదటి దినము: కోటగోడలు

పడమటనున్న పీలె ద్వారమున ప్రవేశించి గోడలపై నడువవలయును. ఈ గోడల పొడవు 1,940 మీటర్లు. కొన్నిచోట్ల ఎత్తు 25 మీటర్లు. టిక్కెట్టు కొని ఒకే దిశగా నడువవలెను. పైన నీడ తక్కువ గనుక ఉదయముననే యెక్కుట మంచిది.

పైనుండి చూచినచో పాత, కొత్త పెంకుల కప్పులు కలసి కనబడును. 1667 ఏప్రిల్ 6వ తేదీని వచ్చిన భూకంపము నగరమును నేలమట్టము చేసెను. 1979లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినను, 1991 యుద్ధమున డిసెంబరు 6వ తేదీని పాతనగరముపై ఫిరంగిగుండ్లు కురిసినవి. కొత్త పెంకులు పెక్కు అటుపిమ్మట వేసినవే.

గోడలతో పాటు నగరమును కాపాడినది రాజనీతి. రగూసావారు తురుష్క సుల్తానునకు ఏటేట 12,500 డుకాట్ల కప్పము చెల్లించి, వ్యాపారస్వేచ్ఛను, తమ పాలనను నిలుపుకొనిరి.

రెండవ దినము: నీరు, ఆరోగ్యము

పీలె ద్వారము లోపల ఒనోఫ్రియో జలయంత్రము కలదు. 1438 ప్రాంతమున సుమారు 12 కిలోమీటర్ల దూరమునుండి కాలువద్వారా నీటిని తెచ్చిరి. సమీపమున ఫ్రాన్సిస్కన్ మఠములో 1317 నాటి ఔషధశాల నేటికిని కలదు.

1377లో ఈ నగరసభ ఒక శాసనము చేసెను. తెగులు సోకిన ప్రాంతములనుండి వచ్చినవారు ముప్పది దినములు వెలుపల నుండి, రోగము లేదని తేలిన పిదపనే లోనికి రావలయును. నేడు క్వారంటైన్ అని మనమందరము ఎరిగిన పద్ధతికి ఇది తొలి శాసనములలో నొకటి. తూర్పుననున్న ప్లోచె ద్వారము వెలుపల, తరువాతి కాలమున ఇందులకై కట్టిన భవనములను చూడవచ్చును. 1416లో ఈ సభయే బానిసల వ్యాపారమును నిషేధించెను.

మూడవ దినము: సభామందిరము, భాష

నగరాధ్యక్షుని భవనమును చివరిదినమున చూడవలయును. అధ్యక్షుని పదవీకాలము ఒక్క నెల. ఆ నెలలో రాజకార్యమునకు తప్ప అతడు భవనము విడువరాదు. సభాద్వారముపై, సొంతపనులు మరచి ప్రజాకార్యము చూడుడను భావముగల లాటిను వాక్యము చెక్కబడియున్నది.

ఈ నగరవాసులకు పూర్వము లాటినునుండి పుట్టిన ఒక స్వంతభాష ఉండెడిది. 1434లో ఇటలీలోని లుక్కానుండి ఇచటి పాఠశాలకు వచ్చిన ఫిలిప్ దె దివెర్సిస్ అను ఉపాధ్యాయుడు 1440 నాటి తన గ్రంథమున ఆ మాటలు కొన్ని వ్రాసియుంచెను: రొట్టె పెన్, తండ్రి తేత, ఇల్లు కేస, చేయుట ఫాకిర్.

1472లో నగరసభ తన చర్చలు పాత రగూసా భాషలోనే జరుగవలెనని తీర్మానించెను. అప్పటికే ఇండ్లలో స్లావుభాష నెలకొనియుండెను. వ్యాపారమునకు ఇటాలియను, పత్రములకు లాటిను వచ్చియుండెను. గోడలు శత్రువు నాపెను, శాసనము తెగులు నాపెను. కాని తీర్మానము భాషను నిలుపలేకపోయెను. ఆ భాషాకుటుంబమునకు చెందిన దల్మేషియను మాటలాడగలిగిన కడపటి వ్యక్తి తువోనె ఉదాయినా, ఉత్తరముననున్న కృక్ ద్వీపమున 1898లో మరణించెను. అంతకు ముందటి సంవత్సరమున మాత్తెయో బార్తోలీ అను పండితుడు అతని మాటలను వ్రాసికొనెను. పెద్దలు తమలో తాము మాటలాడుకొనగా విని అతడు ఆ భాషను నేర్చినవాడు. చాలకాలముగా అతనితో ఆ భాషలో పలుకువారు లేకపోయిరి.

ఇందు పొరుగుభాషను నిందింపరాదు. ఆ స్లావుభాషలోనే ఇవాన్ గుందులిచ్ (1589–1638) గొప్ప కావ్యములు వ్రాసెను. ఉదయపు కూరగాయల అంగడి సాగు చౌకమున అతని విగ్రహము కలదు. నాలుగు భాషలు నేర్చుట నగరమునకు మేలే చేసినది. ఇంటిలో పిల్లలతో పలుకుట మానుటయే పాతభాషకు చేటు తెచ్చినది. రాష్ట్రభాష నడుమ తెలుగు చదువుకొనుచున్న మనము, మన తలిదండ్రులు ఈ సంగతిని గ్రహింపవలయును. బడిలో ఒక గంట తెలుగుండుట అవసరమే; కాని భోజనమునకు కూర్చున్నపుడు తెలుగు లేనిచో ఆ గంట చాలదు.

అభ్యాసము

1. ఏడ్రియాటిక్ తీరపటమును గీచి స్ప్లిట్, నేయుమ్, పెల్యెషాట్స్, దుబ్రోవ్నిక్, కృక్‌లను గుర్తింపుడు.

2. మూడు దినముల యాత్రకు పట్టిక వ్రాయుడు. ప్రతి స్థలమునకు ఎదురుగా అచట అడుగదలచిన ఒక ప్రశ్న చేర్పుడు.

3. దె దివెర్సిస్ కొన్ని మాటలు వ్రాసియుంచుటచేతనే అవి మనకు తెలిసినవి. మీ అవ్వతాతలు పలుకునట్టివి, పాఠ్యపుస్తకమున లేనట్టివి ఇరువది తెలుగు మాటలు అర్థముతో సేకరించి తెండు. వ్రాసితెచ్చుటతో సరిపెట్టక, వానిని ఇంటిలో వాడుడు.