స్క్రూడ్రైవర్ పట్టే చేతికి రెండేళ్ల చదువు: అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ రిపేర్, టెలికాం

అమెరికా చదువు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఎమ్మెస్. జీఆర్‌ఈ, ఐ-20, ఓపీటీ, ఆ తర్వాత హెచ్‌-1బీ లాటరీ. అమీర్‌పేటలో అయినా బెంజిసర్కిల్‌లో అయినా కన్సల్టెన్సీలు చెప్పేది ఈ దారే. కానీ అక్కడున్న తెలుగువాళ్లంతా ఎమ్మెస్ చేసినవాళ్లు కారు. అన్నయ్యో అక్కయ్యో స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద కుటుంబంతో సహా వెళ్లినవాళ్లున్నారు. భర్తది హెచ్‌-1బీ కావడంతో హెచ్‌-4 మీద ఇంట్లో ఉండిపోయిన ఈసీఈ బీటెక్ అమ్మాయిలున్నారు. ఇంటర్ వయసులో అమ్మానాన్నల వెంట వెళ్లిన పిల్లలున్నారు. ఇక్కడ ఏళ్ల తరబడి సెల్‌ఫోన్ షాపు నడిపి, నలభై దాటాక విమానం ఎక్కినవాళ్లూ ఉన్నారు.

వీళ్లలో పనిచేసే అనుమతి ఉన్నవాళ్లు చాలామంది గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గరో, గ్రాసరీ స్టోర్‌లోనో కుదురుకుంటారు. కారులో కాస్త దూరం వెళితే ఉండే కమ్యూనిటీ కాలేజీ వైపు చూడరు. రెండేళ్ల డిగ్రీ అంటే మనలో చిన్నచూపు ఉంది. చేతికి పని వచ్చినవాడికి ఆ రెండేళ్లే మంచి పెట్టుబడి. అయితే మీ వీసా ఏ పనికి ఒప్పుకుంటుంది, మీకు కావలసింది ఉద్యోగమా పైచదువా అన్న రెండు సంగతులు తేల్చుకోకుండా చేరితే డబ్బూ కాలమూ రెండూ పోతాయి.

ఏమిటీ కాలేజీలు?

ఇలినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీని అమెరికాలో మొదటి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీగా చెబుతారు. ఇప్పుడు దేశమంతటా వందల సంఖ్యలో ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనూ వీటికి కొదవ లేదు. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కోలలో కాలిన్ కాలేజీ ఉంది. కాలిఫోర్నియా కూపర్టినోలో డి ఆన్జా, న్యూజెర్సీ ఎడిసన్‌లో మిడిల్‌సెక్స్ కాలేజీ ఉన్నాయి.

మన పాలిటెక్నిక్‌కు ఇవి దూరపు చుట్టాలు. ప్రవేశ పరీక్షలో ర్యాంకు అక్కర్లేదు. హైస్కూల్ పూర్తయినట్టు కాగితం ఉంటే చాలు. ఇంగ్లిష్, లెక్కలు ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలో కాలేజీయే అంచనా వేసి చెబుతుంది. సాయంత్రం క్లాసులు ఉంటాయి. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కన యాభై ఏళ్ల మనిషి కూర్చుంటే ఎవరూ వింతగా చూడరు. సుమారు 60 క్రెడిట్లు పూర్తి చేస్తే అసోసియేట్ డిగ్రీ వస్తుంది. అంత ఓపిక లేనివాళ్లకు ఏడాది లోపు ముగిసే సర్టిఫికెట్ కోర్సులుంటాయి.

ల్యాబ్‌లో ఏం చేయిస్తారు?

ఎలక్ట్రానిక్స్‌లో డీసీ సర్క్యూట్లతో మొదలుపెట్టి ఏసీ, సెమీకండక్టర్లు, డిజిటల్ లాజిక్, మైక్రోకంట్రోలర్లు, ఫ్యాక్టరీల్లో వాడే పీఎల్‌సీల వరకు తీసుకెళతారు. ఓమ్ సూత్రం మన ఈసీఈ వాళ్లకు కంఠతా వచ్చు. కానీ ఆసిలోస్కోప్ ప్రోబ్ ఎక్కడ పెట్టాలో, టంకం వేడి ఎక్కువై బోర్డు మీద రాగి పొర లేచిపోకుండా ఎలా చూసుకోవాలో చేతికి అలవాటై ఉండదు. ఇక్కడ మార్కులు ఆ అలవాటుకే.

కంప్యూటర్ రిపేర్ క్లాసులో ఒక రోజు ఇలా ఉంటుంది. ఆన్ కాని డెస్క్‌టాప్ ఒకటి బల్ల మీదికి వస్తుంది. చూడగానే మదర్‌బోర్డు మార్చేద్దాం అనే విద్యార్థికి మార్కులు పోతాయి. ముందు పవర్ సప్లైని మదర్‌బోర్డు నుంచి విడదీయాలి. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే సప్లై ఆన్ కావాలి. ఆన్ అయ్యాక పసుపు తీగ మీద 12 వోల్టులు, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 ఉన్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడాలి. ఐదు శాతం తేడా వరకు పరవాలేదు. 12 వోల్టులు రావలసిన చోట 11.4 కంటే తక్కువ చూపిస్తే దోషం దొరికినట్టే. సప్లై డబ్బాను మాత్రం విప్పనివ్వరు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. చివరగా ఏం చూశారు, ఏం తేలింది అన్నది టికెట్‌లో రాయాలి. మనవాళ్లు తడబడేది తరచూ ఇక్కడే. పని తెలిసినా, ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు స్పష్టంగా రాయడం విడిగా సాధన చేయాలి.

టెలికాం క్లాసులో రాగి, గాజు రెండూ ఉంటాయి. నెట్‌వర్క్ కేబుల్‌లోని ఎనిమిది తీగలను వరుస తప్పకుండా కనెక్టర్‌లో బిగించడం మొదటి మెట్టు. తర్వాత ఫైబర్. సింగిల్‌మోడ్ ఫైబర్ గాజుపోగు మందం 125 మైక్రాన్లు, అందులో కాంతి నడిచే భాగం 9 మైక్రాన్లే. క్లీవర్‌తో నిటారుగా కోసి, ఫ్యూజన్ స్ప్లైసర్‌లో రెండు కొసలనూ కరిగించి అతుకుతారు. ఆ అతుకు దగ్గర ఎంత కాంతి పోతోందో ఓటీడీఆర్ అనే పరికరం చెబుతుంది. నష్టం ఎక్కువగా కనిపిస్తే మళ్లీ కోసి మళ్లీ అతకాలి.

డిగ్రీకి తోడు ఈ పరీక్షలు

కంపెనీలు డిగ్రీతోపాటు సర్టిఫికేషన్లు కూడా చూస్తాయి. కంప్యూటర్ రిపేర్‌కు మొదటి గుర్తింపు కాంప్‌టియా ఏ ప్లస్. ఇందులో రెండు పరీక్షలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. నెట్‌వర్కింగ్‌కు నెట్‌వర్క్ ప్లస్, సిస్కో వారి సీసీఎన్‌ఏ ఉన్నాయి. సిస్కో 1997లో మొదలుపెట్టిన నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలను చాలా కమ్యూనిటీ కాలేజీలు బోధిస్తాయి. ఫైబర్ పనికి ఫైబర్ ఆప్టిక్ అసోసియేషన్ ఇచ్చే సీఎఫ్‌ఓటీ పనికొస్తుంది.

మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. విమానాల్లో, ఓడల్లో ఉండే రేడియో ట్రాన్స్‌మిటర్లను సర్దుబాటు చేసి బాగుచేయడానికి అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే జనరల్ రేడియోటెలిఫోన్ ఆపరేటర్ లైసెన్స్. రెండు రాతపరీక్షలుంటాయి. మొదటిదాంట్లో 24 ప్రశ్నలకు 18, రెండోదాంట్లో 100కు 75 సరైతే లైసెన్స్ జీవితాంతం ఉంటుంది. ప్రశ్నల నిధి అందరికీ అందుబాటులో ఉంటుంది. ఈసీఈ చదివినవాళ్లకు ఇది కొరకరాని కొయ్య కాదు. అయితే అమెరికాలో పనిచేసే అర్హత ఉండాలి.

వీసాను బట్టి లెక్క మారుతుంది

గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఇది తెరిచిన తలుపు. ఆ ప్రాంతవాసులకు ఫుల్‌టైమ్ ఫీజు జాతీయ సగటున ఏడాదికి సుమారు 4,000 డాలర్లు. ఫెడరల్ ఆర్థిక సాయం కోసం ఎఫ్ఏఎఫ్ఎస్ఏ దరఖాస్తు నింపితే, ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబానికి పెల్ గ్రాంట్ వచ్చే అవకాశం ఉంటుంది. అది తిరిగి కట్టనక్కర్లేదు. ఇండియాలో ఇప్పటికే బ్యాచిలర్స్ డిగ్రీ చేసినవాళ్లకు మాత్రం పెల్ గ్రాంట్ సాధారణంగా రాదు.

హెచ్‌-4 మీద ఉన్నవాళ్లు పూర్తికాలం చదువుకోవచ్చు. ఫెడరల్ గ్రాంట్లు రావు. స్థానికుల ఫీజు వర్తిస్తుందో లేదో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పని అనుమతి పత్రం (ఈఏడీ) లేకపోతే ఉద్యోగం చేయకూడదు, కోర్సులో భాగంగా వచ్చే జీతపు ఇంటర్న్‌షిప్ కూడా చేయకూడదు. హెచ్‌-4 పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. ముందుగానే ఎఫ్‌-1కు మారే సంగతి చూసుకోవాలి. ఎఫ్‌-2 మీద ఉన్న భార్య లేదా భర్త పార్ట్‌టైమ్‌గా మాత్రమే చదవవచ్చు. బి-2 విజిటర్ వీసాతో వచ్చిన తల్లిదండ్రులు, బంధువులు ఈ కోర్సుల్లో చేరకూడదు.

ఇక ఇండియా నుంచి ఎఫ్‌-1 మీద నేరుగా ఈ కోర్సుకే వెళదామనుకునే పిల్లలకు ఒక్కటే మాట: వద్దు. విదేశీ విద్యార్థులకు ఫీజు చాలా ఎక్కువ. అసోసియేట్ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువు తర్వాత పనిచేసే అనుమతి, 12 నెలలే. మిగిలిన 24 నెలల స్టెమ్ పొడిగింపుకు బ్యాచిలర్స్ గానీ ఆపై డిగ్రీ గానీ ఉండాలి. హెచ్‌-1బీకి ఆ స్థాయి ఉద్యోగం కావాలి, టెక్నీషియన్ పోస్టులు సాధారణంగా ఆ లెక్కలోకి రావు. అదే విద్యను పాలిసెట్ రాసి మూడేళ్ల ఈసీఈ డిప్లొమాలోనో, ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్‌లోనో ఇక్కడే నేర్చుకోండి. ఏ ప్లస్, సీసీఎన్‌ఏ పరీక్షలు ఇక్కడి నుంచీ రాయవచ్చు.

ఏఏఎస్ కావాలా, ఏఎస్ కావాలా?

అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ ఉద్యోగం కోసం తయారైన డిగ్రీ. ల్యాబులు ఎక్కువ, కాల్‌క్యులస్, ఫిజిక్స్ తక్కువ. అసోసియేట్ ఆఫ్ సైన్స్ నాలుగేళ్ల యూనివర్సిటీకి మారడానికి. ఏఏఎస్ చేసి తర్వాత ఇంజినీరింగ్‌కు వెళదామంటే చాలా క్రెడిట్లు చెల్లవు, లెక్కలు మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. పైచదువు ఆశ ఉంటే, మీరు వెళ్లాలనుకునే యూనివర్సిటీతో కాలేజీకి బదిలీ ఒప్పందం ఉందో లేదో చేరకముందే అడగండి. ఇండియా డిగ్రీ ఉన్నవాళ్లు మార్కుల జాబితాలను మదింపు చేయించి ఇస్తే కొన్ని సబ్జెక్టులకు మినహాయింపు దొరకవచ్చు.

ఉద్యోగాలు ఎక్కడ?

టీవీ, ఫోన్ రిపేర్ షాపును నమ్ముకుని ఈ చదువు చదవొద్దు. అక్కడ బాగుచేయించే ఖర్చు కొత్తది కొనే ఖర్చుకు దగ్గరగా ఉంటుంది. న్యూయార్క్, మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు తెచ్చిన రిపేర్ హక్కు చట్టాలతో విడిభాగాలు, మాన్యువళ్లు అందడం మెరుగైనా, స్థిరమైన జీతాలు వేరే చోట ఉన్నాయి.

ఆస్పత్రుల్లో వెంటిలేటర్లు, మానిటర్లు చూసుకునే బయోమెడికల్ టెక్నీషియన్లు, డేటా సెంటర్ టెక్నీషియన్లు, స్కూల్ డిస్ట్రిక్టుల ఐటీ సిబ్బంది, ఫైబర్ వేసే కంపెనీలు: వెతకాల్సింది ఇక్కడ. 2021 మౌలిక వసతుల చట్టం బ్రాడ్‌బ్యాండ్ విస్తరణ పథకానికి 4,245 కోట్ల డాలర్లు కేటాయించింది. 2022 చిప్స్ చట్టం తర్వాత సెమీకండక్టర్ ఫ్యాక్టరీల దగ్గరి కాలేజీలు టెక్నీషియన్ల శిక్షణ పెంచాయి. అరిజోనాలోని మారికోపా కమ్యూనిటీ కాలేజీలు ఇంటెల్‌తో కలిసి 2022లో రెండు వారాల క్విక్‌స్టార్ట్ కోర్సు ప్రారంభించాయి. రక్షణ కంపెనీల్లోనూ ఖాళీలుంటాయి, కానీ సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే వాటికి సాధారణంగా పౌరసత్వం ఉండాలి.

ఫీల్డ్ ఉద్యోగమైతే డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి, నిచ్చెన ఎక్కగలగాలి, తీగల రంగులు పోల్చుకోగలగాలి. వారాంతాల్లో ఆన్‌కాల్ పడుతుంది. వెళ్లకముందే ఇంట్లో మాట్లాడుకోండి.

కాలేజీలో అడగాల్సినవి

- ల్యాబ్ చూపిస్తారా? స్ప్లైసర్, ఓటీడీఆర్ ఎంతమందికి ఒకటి?
- సర్టిఫికేషన్ పరీక్ష ఫీజు కోర్సు ఫీజులో కలిసి ఉందా, వోచర్ ఇస్తారా?
- కిందటేడాది పాసైనవాళ్లు ఏయే కంపెనీల్లో చేరారు?
- సాయంత్రం క్లాసులతోనే మొత్తం డిగ్రీ పూర్తవుతుందా, ల్యాబులు పగలేనా?

ఈ జవాబులు బాగున్నా రెండేళ్లకు ఒకేసారి కట్టుబడనక్కర్లేదు. చాలా కాలేజీల్లో ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో, స్ప్రింగ్ జనవరిలో మొదలవుతాయి. మొదటి సెమిస్టర్‌లో డీసీ సర్క్యూట్లు ఒక్క కోర్సే, ల్యాబుతో సహా తీసుకోండి. పని నచ్చితే మిగతావి చేర్చుకుంటూ పోవచ్చు. నచ్చకపోతే పోయేది ఒక్క కోర్సు ఫీజు. ఫుల్‌టైమ్ చదవక తప్పని ఎఫ్‌-1 విద్యార్థికి ఈ వెసులుబాటు లేదు. గ్రీన్‌కార్డు, హెచ్‌-4 వాళ్లకు ఉంది, దాన్ని వాడుకోండి.