దగ్గు దాచిపెట్టి ఆడకు

తుష్నాబాద్, అండమాన్

శీనూ,

నీ ఉత్తరం నిన్న అందింది. అందులో నువ్వు రాయని సంగతి మీ అక్క ఫోన్లో చెప్పింది. వారాల తరబడి దగ్గుతున్నావట. ఊపిరి పీలిస్తే కుడి పక్క పొడుస్తోందట. జట్టులోంచి తీసేస్తారని కోచ్‌కు చెప్పలేదట. అక్క కోప్పడితే, జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఆడలేదా అన్నావట.

ఆడాడురా. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో తల పగిలి కుట్లు పడ్డాక కూడా ఆడాడు. కానీ ఆ కుట్లు జట్టు కోచ్ రహీమ్ సాబ్ కళ్లెదుటే ఉన్నాయి. అన్నీ తెలిసే ఆయన ఆ డిఫెండర్‌ను ముందు వరసకు తెచ్చాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. జ్వరం నుంచి లేచిన మన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టిందీ ఆయనే. నువ్వు చేస్తున్నది అది కాదు, దాచడం.

జర్నైల్ గుర్తొచ్చాడు సరే, సికింద్రాబాద్ తులసీదాస్ బలరామ్ గుర్తు రాలేదా? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టినవాడు, జకార్తా బంగారంలో భాగమున్నవాడు. మరుసటి ఏడాదే ఆట మానుకున్నాడు. అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. కారణం ప్లూరిసీ. ఊపిరితిత్తుల పొర వాచి, శ్వాస తీసినప్పుడల్లా పొడిచే జబ్బు. మీ అక్క మాట విన్నాక రాత్రి నాకు కన్ను మూత పడలేదు.

అదే 1963 జూన్‌లో రహీమ్ సాబ్‌ను క్యాన్సర్ తీసుకుపోయింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో పోయేదాకా పద్మ పురస్కారం ఆయన గుమ్మం తొక్కలేదు. అది నాకిప్పటికీ కడుపుమంటే.

ఇక్కడి వానల్లో మేమూ ఆడాం. బంతి తోలుది, నీళ్లు తాగి బండలా అయ్యేది. తాడు ముడి ఉన్న వైపు తలకు తగిలితే నుదురు చిట్లేది. ఆట అవగానే అమ్మమ్మ గుమ్మంలోనే తడి చొక్కా విప్పించి, తువ్వాలుతో తల తుడిచి, వీపు మీద చెయ్యేసి దగ్గమనేది. దగ్గు పొడిగా ఉందో, కఫం కదులుతోందో ఆ చేతికే తెలిసిపోయేది. ఒకసారి ఫెరార్‌గంజ్ కుర్రాళ్లతో పోటీ అనగా తలుపు గడియ పెట్టింది. ఏడ్చాను. అయినా తియ్యలేదు. నీకక్కడ వీపు మీద చెయ్యేసేవాళ్లు లేరు నాన్నా, అదే నా దిగులు.

రాత్రిళ్లు వేడినీళ్లు తాగుతున్నావా? హాస్టల్ కిటికీ రెక్క ఊడిపోయిందన్నావు, బాగు చేయించారా?

సోమవారం పొద్దున్నే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్లు. ఎక్స్‌రే తీయించు. ఆ కాగితం తెచ్చి కోచ్ చేతిలో పెట్టు. నెలరోజులు కూర్చోబెడితే కూర్చో. రహీమ్ సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. నీ ఎడమకాలి గురించి మనం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. ముందు ఛాతీ నయం కానీ.

అక్క ఖాతాలో డబ్బు వేశాను, మందులకే వాడు. ఎక్స్‌రే రాగానే రాత్రి ఎంతైనా ఫోన్ చెయ్యి.

మీ మామయ్య