వృద్ధాప్యాన్ని చూసే మూడు దృక్పథాలు

అరవై ఏళ్ల వయసున్న ఇద్దరిలో ఒకరు చకచకా మెట్లెక్కుతారు, మరొకరు నాలుగు మెట్లకే ఆయాసపడతారు. పుట్టిన తేదీని బట్టి లెక్కించే వయసు వేరు, శరీరానికి వచ్చిన వయసు వేరు. రెండోదాన్ని జీవసంబంధ వయసు అంటారు. దాన్ని నెమ్మదింపజేయగలమా? ఈ ప్రశ్నను శాస్త్రవేత్తలు మూడు వైపుల నుంచి చూస్తున్నారు.

మొదటిది పరిణామ దృక్పథం. యవ్వనంలో మేలు చేసే కొన్ని జన్యువులే ముసలితనంలో కీడు చేస్తాయని 1957లో జార్జ్ విలియమ్స్ వివరించారు. శరీరం తనకున్న పరిమిత శక్తిని సంతానోత్పత్తికీ, మరమ్మతులకూ పంచుకోవాలి, అందుకే మరమ్మతు అసంపూర్తిగా మిగులుతుంది అని 1977లో థామస్ కర్క్‌వుడ్ ప్రతిపాదించారు. వృద్ధాప్యం ఎందుకు వస్తుందో ఇది చెబుతుంది. చికిత్స ఏమిటో నేరుగా చెప్పదు.

రెండోది లక్షణాల దృక్పథం. కార్లోస్ లోపెజ్-ఓటిన్ బృందం 2013లో వృద్ధాప్యానికి 9 ముఖ్య లక్షణాలను గుర్తించింది. 2023లో వాటిని 12కు పెంచింది. డీఎన్ఏ దెబ్బతినడం, మైటోకాండ్రియా పనితీరు తగ్గడం, దీర్ఘకాలిక వాపు వాటిలో కొన్ని. ఈ జాబితాలో చేరడానికి మూడు పరీక్షలున్నాయి. ఆ మార్పు వయసుతోపాటు కనిపించాలి. దాన్ని పెంచితే వృద్ధాప్యం వేగం పుంజుకోవాలి. తగ్గిస్తే నెమ్మదించాలి.

మూడోది మరమ్మతు దృక్పథం. ఆబ్రీ డి గ్రే నష్టాన్ని 7 రకాలుగా విభజించారు. వర్షానికి కారే పెంకుటింట్లో పగిలిన పెంకులను ఎప్పటికప్పుడు మార్చినట్టే, పేరుకున్న నష్టాన్ని తొలగిస్తే చాలని, మూలకారణాలన్నీ తెలిసేదాకా ఆగనక్కర్లేదని ఆయన వాదన. పగిలిన పెంకు కళ్లకు కనిపిస్తుంది. కణాల్లోని నష్టాన్ని గుర్తించి, పక్కవాటికి హాని లేకుండా తీసేయడం అంత తేలిక కాదని విమర్శకులు అంటారు.

ఆచరణలో ఈ దారులు కొన్నిచోట్ల కలుస్తాయి. విభజన ఆగిపోయినా చావకుండా మిగిలే జీర్ణకణాలు రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. త్వరగా ముసలివయ్యేలా జన్యుమార్పు చేసిన ఎలుకల్లో ఈ కణాలను తొలగిస్తే కొన్ని వృద్ధాప్య సమస్యలు ఆలస్యమయ్యాయని 2011లో తేలింది. రాపమైసిన్ మందు దారి వేరు. అది నష్టాన్ని తొలగించదు, కణాల పెరుగుదలను నడిపే సంకేతాన్ని తగ్గిస్తుంది. సుమారు 20 నెలల వయసులో మొదలుపెట్టినా అది ఎలుకల ఆయుష్షును పెంచిందని 2009లో ప్రచురించిన అధ్యయనం చూపింది.

అయితే ఎలుకల్లో పనిచేసిందంతా మనుషుల్లో పనిచేయదు. రాపమైసిన్ మూత్రపిండాల మార్పిడి రోగులకు ఇచ్చే, రోగనిరోధక శక్తిని అణచే మందు. సొంతంగా వాడటం ప్రమాదకరం. డీఎన్ఏ మీది రసాయన గుర్తులతో వయసును అంచనా వేసే పరీక్షలూ వచ్చాయి. కానీ ఆ అంకె తగ్గినంత మాత్రాన ఆరోగ్యం మెరుగుపడిందని రుజువు కాదు.

కాబట్టి 'వయసు తగ్గిస్తాం' అనే ప్రకటన కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి: ఏ మార్పును సరిచేస్తోంది? మనుషుల్లో పరీక్షించారా? తగ్గింది పరీక్షలోని అంకేనా, జబ్బు కూడానా?