గ్యాస్ నింపేవారు సరే, లోపం పట్టేవారేరీ?

వేసవి వచ్చిందంటే పికప్ బండ్ల ఏసీలు షెడ్డు దారి పడతాయి. గ్యాస్ అయిపోయిందంటారు, నింపుతారు. కొన్నాళ్లకే క్యాబిన్‌లో మళ్లీ వేడిగాలి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో తిరిగే గ్యాస్ త్వరత్వరగా తగ్గిపోతోందంటే ఎక్కడో లీకున్నట్టే. రాళ్లు తగిలిన కండెన్సర్ కావచ్చు, గట్టిపడిన ఓ-రింగు కావచ్చు, కంప్రెసర్ షాఫ్ట్ సీలు కావచ్చు. గ్యాస్‌తో పాటు కొంత కంప్రెసర్ ఆయిలూ పోతుంది. దాని సంగతి చూడకుండా గ్యాసే నింపుతూ పోతే కంప్రెసర్ అరిగి పట్టేస్తుంది. కొత్తది బిగించినా, పాతది వదిలిన లోహపు రజను తీయకపోతే, డ్రయర్ మార్చకపోతే దానికీ అదే గతి. ఒకే బండికి ఒకే రిపేరు మళ్లీ మళ్లీ జరుగుతోందంటే మనకు పానా పట్టేవాళ్లు తక్కువై కాదు, కారణం వెతికేవాళ్లు తక్కువై. ఇంత అవసరం ఉన్న పనినే తల్లిదండ్రులు ‘మెకానిక్ పనా?’ అంటూ తీసిపారేస్తున్నారు.

చదువు అబ్బనివాళ్లే ఐటీఐలో చేరతారన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన అపోహ. గేజీల్లో రెండు వైపులా ప్రెషర్ తక్కువగా ఉంటే సాధారణంగా గ్యాస్ తగ్గినట్టు. రెండు వైపులా ఎక్కువుంటే కండెన్సర్ ఫ్యాన్‌నో, మోతాదు మించిన గ్యాస్‌నో అనుమానించాలి. ఆపై నైట్రోజన్‌తో లీకు పరీక్ష, వ్యాక్యూమ్, కంపెనీ చెప్పిన గ్రాముల లెక్కన గ్యాస్. ఇదంతా భౌతికశాస్త్రం కాకపోతే మరేమిటి? ఈ ఆసక్తి ఉన్న పిల్లల్ని ఎంపీసీలోకి తోసి, ర్యాంకు రాలేదని రోజూ సాధించడం అన్యాయం. పదో తరగతి పాసైతే రెండేళ్ల రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ టెక్నీషియన్ ట్రేడులోనో, మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడులోనో చేరవచ్చు. నా ఓటు మొదటిదానికే. ఆ తర్వాత వాహనాల సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్‌షిప్ తప్పనిసరిగా చేయాలి. పైచదువులు మూసుకుపోతాయన్న బెంగా అక్కర్లేదు. ఐటీఐ నుంచి డిప్లొమా రెండో సంవత్సరంలోకి, అక్కడి నుంచి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి దారి ఉంది.

ఇందులోనూ వలలున్నాయి. నెల రోజుల్లో ఏసీ మెకానిక్‌ని చేస్తామని, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అని బోర్డులు పెట్టేవారి దగ్గర పిల్లలు నేర్చుకునేది గ్యాస్ నింపడమే. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. నిబంధనల ప్రకారం అతను తీసుకోగల సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగాడంటే అప్పు చేయకండి, లేచి వచ్చేయండి. రెండేళ్లు కాగానే సొంత షెడ్డు పెట్టించాలన్న ఆరాటమూ మంచిది కాదు. పని పూర్తిగా చేతికి రాకముందే కొన్న యంత్రాలకు వాయిదాలు కట్టడానికే సంపాదన చాలదు.

మొదట్లో జీతం తక్కువ కదా అంటారు. నిజమే, తక్కువే. ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఈ పని ఉంటుందా అన్నది ఇంకో సందేహం. వాటికీ ఏసీ ఉంటుంది, పైగా చాలా వాటిలో బ్యాటరీని చల్లబరిచే బాధ్యతా దానిదే. వాటి కంప్రెసర్ హై వోల్టేజీతో నడుస్తుంది, ఆయిలూ వేరు. పాత బండి ఆయిల్ అందులో పోస్తే కరెంటు లీకేజీ ముప్పు. కాబట్టి చదువుకున్న టెక్నీషియన్ అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మొత్తం బరువు 3.5 టన్నులు మించిన సరుకు రవాణా వాహనాల క్యాబిన్లకు కేంద్రం ఏసీ తప్పనిసరి చేసింది. (అంతకు లోపుండే చిన్న పికప్‌లకు ఆ నిబంధన లేదు. వాటి డ్రైవర్లకు మాత్రం ఎండ తక్కువా?) ఆ లారీలన్నీ రేపు రిపేరుకొచ్చేవే.

కోచింగ్ ఫీజు కట్టే ముందు మీ అమ్మాయినో అబ్బాయినో ఒకసారి దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ వర్క్‌షాపుకు తీసుకెళ్లి చూపించండి. నచ్చిందంటే అడ్డుపడకండి.