అవయవదానం: ఇంట్లోవాళ్ల సంతకం ఉంటేనే గట్టి

డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: ప్రమాదంలో మరణిస్తే అవయవాలు దానం చేయడానికి మీకు సమ్మతమేనా అని. మన బళ్లారి సత్యనారాయణపేటలో ఆ ఫారం నింపే పని ఏజెంటుకు వదిలేసే కుర్రాళ్లు ఎందరో. అతను ఏ గడిలో టిక్కు పెట్టాడో వీళ్లకే తెలియదు, ఇక ఇంట్లోవాళ్లకేం తెలుస్తుంది?

దాతగా నమోదు కావడం సులభం కావాలని అందరూ అంటారు. ఫోన్ పట్టుకోవడం తెలిసినవాళ్లకు అది ఇప్పటికే సులభం. అవయవమార్పిడి వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ నోటో 2023 సెప్టెంబరు నుంచి ఆధార్‌తో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటోంది. సందేహాలకు ఉచిత నంబరు 1800-11-4770. కర్ణాటకలో ఈ వ్యవహారం చూసేది 'జీవసార్థకతె'. కష్టమంతా ఇంట్లో నోరు తెరిచి చెప్పడంలోనే ఉంది. "అమ్మా, ఇక్కడ సాక్షి సంతకం పెట్టు" అనండి. "దీపాలు పెట్టేవేళ అవేం మాటలురా!" అంటూ కాగితం పక్కకు తోసేస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టలేం. కానీ చట్టానికి కావలసింది అలాంటి సంతకమే.

1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం మూడో సెక్షన్ ప్రకారం దాత తన సమ్మతిని ఇద్దరు సాక్షుల ఎదుట రాసివ్వాలి. వారిలో ఒకరైనా దగ్గరి బంధువై ఉండాలి. అంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, మనవలు, మనవరాళ్లు. మేనమామ ఎంత ఆప్తుడైనా ఈ లెక్కలోకి రాడు. 2014 నిబంధనల్లోని ఫారం 7 ఇందుకోసమే. దాత ఆ తర్వాత మనసు మార్చుకున్నాడని నమ్మే కారణం లేకపోతే, దేహం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు ఆ సమ్మతిని మన్నించాలన్నది చట్టం. ఆచరణ వేరు. ఇంటివాళ్లు వద్దంటే ఆస్పత్రులు ముందుకు వెళ్లవు. ఐసీయూ బయట బెంచీ మీద, ఒక చేతిలో మందుల చీటీ, ఇంకో చేతిలో మోగుతూనే ఉన్న ఫోనుతో కూర్చున్న అన్న దగ్గరికి అవయవదాన కోఆర్డినేటర్ వచ్చి, "మీ తమ్ముడు ఎప్పుడైనా ఈ మాట అన్నాడా?" అని అడుగుతారు. "అన్నాడు, సాక్షి సంతకం నేనే పెట్టాను" అని చెప్పగలిగితే ఆ పూట ఆ నిర్ణయం అతని నెత్తిన పడదు.

సంతకం పెడితే డాక్టర్లు బతికించే ప్రయత్నం మానేస్తారన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయం అక్కర్లేదు. అవయవాలు తీసేముందు బ్రెయిన్‌డెత్‌ను, అంటే మెదడు శాశ్వతంగా ఆగిపోయిందని, నలుగురు వైద్యుల బోర్డు ధ్రువీకరించాలి. పెద్దవాళ్లకైతే కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి. ఆ తర్వాత దేహాన్ని నిలిపి ఉంచడానికి, అవయవాలు తీయడానికి, తరలించడానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని నిబంధన. బిల్లు వేస్తే అక్కడే అభ్యంతరం చెప్పండి. రోడ్డు ప్రమాదమైతే పోలీసుల అనుమతి, పోస్టుమార్టం తప్పవు, అయినా అవి దానానికి అడ్డం కావు.

నేత్రదానానికి బ్రెయిన్‌డెత్‌తో పనిలేదు. ఇంట్లో పోయినా ఇవ్వవచ్చు, కానీ ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి, కాబట్టి ఐబ్యాంకుకు వెంటనే కబురు పెట్టాలి. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు, ఆ దుఃఖంలోనే కుటుంబం ఒప్పుకోబట్టి నలుగురికి చూపు వచ్చింది. 2006లో వాళ్ల నాన్న రాజ్‌కుమార్ కళ్లూ అలాగే దానం చేశారు. ఆ ఇంట్లో అది ముందే తెలిసిన మాట.

మనకు ఇంకో చిక్కుంది. 1953లో బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు రాయదుర్గం, ఆదోని, ఆలూరు ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి ఇటు మిగిలింది. మన తోబుట్టువులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది, అక్కడ అవయవదానం చూసేది 'జీవన్‌దాన్'. ప్రమాదం ఏ వైపు జరిగినా డాక్టర్లు అడిగేది ఇంటివాళ్లనే. కాబట్టి ఆదోనిలో ఉన్న అక్కకూ చెప్పి ఉంచండి.

కన్నడం, ఇంగ్లిషు చదవలేని అమ్మ అర్థంకాని కాగితం మీద ఎలా సంతకం పెడుతుంది? ఫారం తెలుగులోనూ ఇవ్వాలని, ఆస్పత్రిలో, వార్డు ఆఫీసులో దొరకాలని జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెట్టుకోండి. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. అందుకే ఆ అర్జీ తెలుగులోనే రాయండి, అందినట్టు రసీదు తీసుకోండి.

వైద్య కళాశాలకు మొత్తం దేహాన్ని ఇవ్వడం వేరే సంగతి. దానికి 1957 నాటి కర్ణాటక అనాటమీ చట్టం ఉంది, ఫారం 7 అక్కడ పనికిరాదు. సమ్మతి ఇచ్చాక మనసు మారితే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఆ మాట కూడా సాక్షి సంతకం పెట్టినవాళ్లకు తెలియాలి.